బురదలో ఒక్క చక్రమే ఎందుకు తిరుగుతుంది?

వానాకాలంలో జీడిమెట్ల పారిశ్రామికవాడకు వచ్చిన ఒక లారీ వెనక చక్రం రోడ్డు పక్క బురదలో దిగబడిందనుకోండి. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతాడు. బురదలోని చక్రం గిర్రున తిరుగుతుంది. గట్టి నేలమీదున్న రెండో చక్రం మాత్రం కదలదు! ఇంజను బలమంతా ఏమైపోయింది?

లారీ వెనక ఇరుసు మధ్య గుమ్మడికాయలా ఉబ్బిన భాగాన్ని మీరు చూసే ఉంటారు. అందులోని పళ్ళచక్రాల అమరికే డిఫరెన్షియల్. అదెందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. బండి వెనక చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు అనుకుందాం. బండి లంబకోణంలో మలుపు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే సుమారు 2.36 మీటర్లు ఎక్కువ నడవాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే టైర్లు రోడ్డుమీద ఈడ్చుకుపోక తప్పదు. డిఫరెన్షియల్ రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. 1820 దశకం చివర్లో ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెకూర్ ఆవిరిబండి కోసం దీన్ని రూపొందించాడు.

అయితే దీనికి ఒక లోపం ఉంది. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, ఇది రెండు చక్రాలకూ దాదాపు సమానంగా పంచుతుంది. బురదలో చక్రం తిరగడానికి కొద్ది బలం చాలు. కనుక రెండో చక్రానికీ అంత కొద్ది బలమే అందుతుంది. దానితో బండి కదలదు.

దీనికి విరుగుడు మన పొలాల్లోనే ఉంది. ట్రాక్టరు డ్రైవరు కాలి దగ్గర డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది. దాన్ని తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. పట్టు దొరికిన చక్రం ట్రాక్టరును బయటికి లాగుతుంది. కాని మలుపులో దీన్ని తొక్కకూడదు. చక్రాలు వేర్వేరుగా తిరగలేక ట్రాక్టరు అదుపు తప్పవచ్చు.

మరి పట్టూ దొరకాలి, మలుపూ తిరగాలి అంటే? కొన్ని క్రాసోవర్ కార్లలో వెనక ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క క్లచ్ ఉంటుంది. 2010లో వచ్చిన నిస్సాన్ జూక్‌లో నాలుగు చక్రాలకూ బలం అందే రకం ఇలాంటిదే. చక్రాల వేగాన్నీ, స్టీరింగ్ కోణాన్నీ సెన్సార్లు కంప్యూటరుకు తెలుపుతాయి. మలుపులో కంప్యూటరు బయటి చక్రం క్లచ్‌ను బిగించి, లోపలిదాన్ని వదులు చేస్తుంది. బయటివైపు తోపు ఎక్కువై కారు సులువుగా మలుపు తిరుగుతుంది. ఎడ్లబండిని ఎడమకు మళ్ళించాలంటే కుడి ఎద్దును అదిలిస్తారు కదా! ఇదీ అంతే. దీనినే టార్క్ వెక్టరింగ్ అంటారు. ఒక చక్రం బురదలో జారితే బలాన్ని రెండోదానికి మళ్ళించడమూ ఇలాగే.

ఇక మీకొక ప్రశ్న. మెకానిక్ షెడ్డులో లారీ వెనక చక్రాలు రెండూ పైకి లేపి, ఇంజను ఆపి, గేరులో ఉంచారు. ఒక చక్రాన్ని చేతితో ముందుకు తిప్పితే రెండోది వెనక్కు తిరుగుతుంది. ఎందుకో ఆలోచించండి!