నిజమంతా చెప్పుకున్న స్త్రీ

పన్నెండేళ్ల రక్తస్రావం. ఉన్నదంతా వైద్యులకు ధారపోసినా రోగం ముదిరిందే తప్ప తగ్గలేదని మార్కు రాశాడు. స్వయంగా వైద్యుడైన లూకా మాత్రం ఆమెను ఎవరూ బాగుచేయలేకపోయారని క్లుప్తంగా ముగించాడు. తోటి వైద్యుల మీద ఆ మాత్రం అభిమానం సహజమే! జనంలో దూరి యేసుప్రభువు వస్త్రాన్ని ముట్టి బాగుపడిన ఆమె ఎవరికంటా పడకుండా వెళ్లిపోవాలనుకుంది. కానీ ప్రభువు ఆగాడు. అవతల యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉన్నా ఆగాడు. ఆమె వణుకుతూ వచ్చి నిజమంతా చెప్పుకుంది. కుమారీ అని పిలిచి ఆమెను సమాధానంతో పంపాడాయన.

మన ఆసుపత్రుల్లో ఆ నిజమే బయటికి రావడం లేదు. "బాత్రూంలో జారిపడ్డాను డాక్టరుగారూ" అంటుంది సోదరి. పక్కనే భర్తో అత్తగారో నిలబడి ఉంటారు. జారిపడితే రెండు జబ్బల మీదా వేళ్ల గుర్తులెలా పడతాయి? డాక్టరుకు అనుమానం వచ్చినా బయట ఓపీ బారులు తీరి ఉంటుంది. నొప్పి మాత్రలు రాసి పంపేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, హింసకు గురైన స్త్రీలలో ఎవరినైనా సాయమడిగినవారు నూటికి 14 మందే.

విశ్వాసుల ఇళ్లలో దీనికి మరో చిక్కుముడి ఉంది. డాక్టరుకు చెబితే భర్తకు లోబడనట్టవుతుందా, కుటుంబ సాక్ష్యం చెడుతుందా అని సోదరీమణులు మమ్మల్ని అడుగుతుంటారు. చెయ్యెత్తిన రోజే ఆ సాక్ష్యం చెడిపోయిందమ్మా! భార్యలు లోబడాలన్న ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం కంఠతా వచ్చిన భర్తలకు, భార్యను సొంత శరీరంలా సంరక్షించాలన్న అదే అధ్యాయపు మాట ఎందుకో గుర్తుండదు. అబీగయీలు తన భర్త నాబాలు మూర్ఖత్వాన్ని దావీదు ముందు దాచలేదు. ఇంటిల్లిపాదినీ కాపాడింది. లేఖనం ఆమెను సుబుద్ధిగలదనే అంటోంది.

డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. కుదరకపోతే నర్సమ్మ చెవిన వేయండి. ఎవరు కొట్టారు, దేనితో, ఎప్పుడు, ఇంతకుముందు ఎన్నిసార్లు, మీరిప్పుడు గర్భవతా అన్నవన్నీ చెప్పి, కేసు షీటులో రాయమనండి. గొంతు నులిమి ఉంటే, పైకి మచ్చ లేకపోయినా తప్పక చెప్పాలి. లోపలి వాపు, రక్తనాళాల దెబ్బ గంటల తర్వాతో, ఒక్కోసారి రోజుల తర్వాతో ప్రాణం మీదికి తేవచ్చు.

2006 అక్టోబరు 26 నుంచి గృహహింస చట్టం అమల్లో ఉంది. ఫిర్యాదు ఇవ్వలేదన్న సాకుతో ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదు. పరీక్ష నివేదిక నకలు బాధితురాలికి ఉచితంగా ఇవ్వాలి. జరిగినదానిపై అంతకుముందు నివేదిక లేకపోతే ఆసుపత్రివారే రాసి రక్షణాధికారికి పంపాలి. అది కోర్టు కేసు కాదు. ఈ చట్టం కింద కోర్టుకు వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. కానీ గాయం తీవ్రమైతే మెడికో లీగల్ కేసుగా పోలీసులకు కబురు వెళ్తుందని ముందే తెలిసి ఉండడం మంచిది. నకలును ఇంట్లో కాకుండా నమ్మకమైనవారి దగ్గర దాచుకోవాలి. ఏ వేళలోనైనా 181కి ఫోన్ చేయవచ్చు.

ఇక సంఘం సంగతి. ప్రార్థన చేసి ఇంటికి పంపడంతో ఆగకూడదు. స్త్రీల సమాజం నుంచి ఓ పెద్దావిడ ఆమెతోపాటు ఆటో ఎక్కాలి. ఓపీ చీటీ రాయించి, వంతు వచ్చేదాకా పక్కన కూర్చుని, ఆమె లోపలికెళ్లాక పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని బయట ఉండాలి.