ఆపదవేళ హితవాక్యము

పొగాకు తెలుగునాట నిన్న మొన్నటి వ్యసనము కాదు. ‘కన్యాశుల్కము’ చదివినవారికి గిరీశము చుట్ట జ్ఞాపకము రాకమానదు. కృష్ణకావలి గుంటూరులో 1976లో పొగాకు బోర్డే వెలసినది. ఆ పంట అన్నము పెట్టినమాట నిజము. ఆ పొగ ప్రాణము తీయుచున్నమాటయు నిజమే.

నడిరేయి దివిసీమ రైతొకడు గుండెనొప్పితో బెజవాడ ఆసుపత్రి అత్యవసర విభాగమునకు చేరెననుకొందము. ఆలుబిడ్డలు ఏండ్ల తరబడి మొత్తుకొన్నను విననివాడు ఆ వేళ వైద్యుని మాటకు చెవియొగ్గును. అపుడు గద్దించి ప్రయోజనము లేదు. “మానవలెనని ఎన్నడైన తోచినదా?” అని మెల్లగా అడుగుటయే చికిత్సకు నాంది.

అమెరికాలో ఇట్టి ప్రయత్నమొకటి జరిగినది. 2015లో ప్రకటితమైన ఆ పరిశోధనలో, అత్యవసర విభాగమునకు వచ్చినవారిలో కొందరికి హితబోధయు, నికోటిన్ మందులును, టెలిఫోను సలహాయు సమకూర్చిరి. మూడు నెలలకు వారిలో నూటికి 12.2 మంది పొగ మానిరి. కరపత్రము మాత్రమే అందుకొన్నవారిలో 4.9 మందే.

మానలేనివాడు దోషి కాడు. నికోటిన్ మెదడును కట్టివేయును. తొలి రెండు మూడు దినములే మిక్కిలి కఠినములు. ఆసుపత్రి మంచముపైననే అవి గడచుట రోగి అదృష్టము. పిదప మన దేశమున 1800-112-356 అను ఉచిత టెలిఫోను సలహా కలదు. ఏడాది నిలిచినచో గుండెజబ్బు ముప్పు సగమునకు తగ్గును.

ఆ రైతు ఇంటికి మరలునపుడు రొండిన చుట్టలకు మారుగా ఆ హితవాక్యమును వెంటగొనిపోయినచో, ఆ రాత్రి నొప్పియు మేలే చేసినదనవలెను.