పొట్లంలో పొద్దుటి ఫలహారం: తీర్పు ఇంటిల్లిపాదిదే

మురుంగపాక్కం (పుదుచ్చేరి): పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్ళే రహదారిపై ఉన్న మురుంగపాక్కం వంటి ప్రాంతాలలో ఉదయపు ఫలహారానికి నేడు మూడు మార్గాలున్నాయి. ఇంట్లో పిండి రుబ్బుకోవడం మొదటిది. రుబ్బిన పిండి పొట్లం కొనడం రెండవది. నీళ్ళు కలిపే పొడి మిశ్రమాలు, పాలలో వేసుకొనే కార్న్‌ఫ్లేక్స్ వంటివి మూడవది. వీటిలో ఏది నిలుస్తుందో తేల్చేది ప్రకటనలు కాదు, ఇంటిల్లిపాదీ కూర్చొనే పంక్తి.

ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం నుంచి చదువులకు, ఉద్యోగాలకు ఇక్కడికి వచ్చే తెలుగువారికి మరొక చిక్కు ఉన్నది. తమిళనాట ఇడ్లీకి ఉప్పుడు బియ్యం రుబ్బుతారు. తెలుగిళ్ళలో మినప్పిండిలో ఇడ్లీ రవ్వ కలపడం పరిపాటి. అందువల్ల స్థానికంగా దొరికే పిండితో వేసిన ఇడ్లీ ఎంత మెత్తగా ఉన్నా, రవ్వ పలుకుకు అలవాటుపడిన నోటికి అది వేరుగానే తోస్తుంది.

అవసరం నుంచి పుట్టిన రుచి

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కొరత ఏర్పడగా, గోధుమ రవ్వతో ఇడ్లీ తయారుచేశామని బెంగళూరుకు చెందిన ఎం.టి.ఆర్. సంస్థ చెబుతుంది. 1970వ దశకం మధ్యలో, అత్యవసర పరిస్థితి కాలాన, ఆ సంస్థ తక్షణ మిశ్రమాల విక్రయానికి పూనుకొన్నది. 2005లో బెంగళూరులోనే ఐడీ ఫ్రెష్ సంస్థ తడిపిండి పొట్లాల వ్యాపారం ప్రారంభించింది.

ఇందుకు భిన్నమైన అనుభవం కెలాగ్స్‌ది. 1994లో భారత విపణిలో ప్రవేశించిన ఈ అమెరికన్ సంస్థ కార్న్‌ఫ్లేక్స్‌ను చల్లని పాలతో తినాలని ఆశించింది. మన ఇళ్ళలో పాలు కాచి, వేడిగా పోయడం అలవాటు. కరకరలాడవలసినవి క్షణాలలో మెత్తబడ్డాయి. తొలినాళ్ళలో అమ్మకాలు ఆశించినంతగా సాగలేదు.

పొట్లం లోపల జరిగేది

తడిపిండిలో సహజ సూక్ష్మజీవులు పులియబెట్టే ప్రక్రియను కొనసాగిస్తూనే ఉంటాయి. వెలువడే వాయువు వల్ల పొట్లం ఉబ్బుతుంది. కోస్తా ఉక్కలో ఈ వేగం అధికం, శీతల పెట్టెలో మందగిస్తుంది. పొడి మిశ్రమాలలో సాధారణంగా పులియడానికి బదులు వంటసోడా, ఆమ్ల పదార్థాలు పొంగునిస్తాయి. పులుపులో తేడాకు కారణమిదే.

కొనుగోలుకు ముందు బంధుమిత్రులతో కలిసి ఒక పూట పరీక్షించుకోవడం మేలు. పేరు చెప్పకుండా, ఒకే చట్నీతో ఇంటి పిండినీ పొట్లం పిండినీ వడ్డించాలి. వేడిగా ఒకసారి, పిల్లల డబ్బాలో సర్దినట్లు చల్లారాక మరొకసారి రుచి చూడాలి. ఖర్చు లెక్కలో పప్పుబియ్యాల ధరతో పాటు విద్యుత్తునూ, రుబ్బేవారి శ్రమనూ చేర్చాలి. ఆ శ్రమ చాలా ఇళ్ళలో గృహిణిదే కనుక, ఆమె మాటకు పంక్తిలో ఎక్కువ విలువ ఉండాలి.

పన్ను వ్యత్యాసం తొలగింది

వస్తు, సేవల పన్ను విధానంలో ఇడ్లీ, దోసె తడిపిండిపై 5 శాతం, పొడి మిశ్రమాలపైన, కార్న్‌ఫ్లేక్స్‌పైన 18 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇవి కూడా 5 శాతం శ్రేణిలోకి వచ్చాయి. పన్ను రీత్యా తడిపిండికి ఉన్న మొగ్గు పోయింది. ఇక మిగిలినవి ధర, రుచి, తీరిక. పెసలు నానబెట్టి రుబ్బితే చాలు, పులియవలసిన పనిలేని పెసరట్టు మాత్రం ఈ పోటీలో తన చోటు తాను నిలుపుకొంటూనే ఉన్నది.