నాపరాయిలో తెల్లటి గీత

వంటింటి గట్టు మీద కోసిన నిమ్మచెక్కను బోర్లించి మరిచిపోతే, తెల్లారేసరికి నల్లటి కడప బండ మీద గుండ్రటి మచ్చ తేలుతుంది. ఎంత తోమినా పోదు. అది మరక కాదు, పులుపు రాయిని తినేసిన చోటు. ఆ బండ సున్నపురాయేనని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బేతంచెర్ల నాపరాళ్లదీ కడప బండలదీ ఒకే కుదురు. కడప జిల్లాలోని ఒక ఊరి పేరుతో దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే ఈ ప్రాంతపు శిలల గురించి వివరంగా రాశాడు. గవ్వలున్న జీవులింకా పుట్టని కాలంలో, సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని రాయైంది. మధ్యమధ్య సన్నటి బంకమట్టి పొరలున్న చోట, అంచున ఉలి పెట్టి కొడితే బండ పలకగా విడిపోతుంది.

మరి ఈ రాళ్లలో కనిపించే తెల్లటి గీతలు? బండను నీళ్లతో తడిపి చూడాలి. బూడిదరంగు నల్లబడి, గీతలు ఒక్కసారిగా పైకి తేలతాయి. రాయి గట్టిపడ్డాక భూమి ఒత్తిడికి పగుళ్లిచ్చింది. సున్నం కరిగిన నీరు ఆ సందుల్లోకి చేరి, కాల్సైట్ స్ఫటికాలను పేర్చుకుంటూ పోయింది. అంటే ప్రతి గీతా మానిన పగులే. రెండు గీతలు అడ్డంగా కలిసినచోట ఏది రెండోదాన్ని కోసుకుంటూ పోయిందో చూడండి, వయసులో అదే చిన్నది.

తెల్లగా ఉన్నదల్లా కాల్సైట్ కాదు, పలుగురాయి కూడా ఇలాగే గీతలు కడుతుంది. చాకుమొనతో గీరితే తేలిపోతుంది. కాఠిన్యంలో కాల్సైట్‌ది 3, పలుగురాయిది 7. మొదటిది గీత పడి పొడి రాలుస్తుంది, రెండోది చాకుకు లొంగదు, పైగా గాజును గీస్తుంది. పలచటి ఆమ్లం ఒక్క చుక్క వేస్తే కాల్సైట్ బుసబుస పొంగుతుంది. ఆ బుడగలు కార్బన్ డయాక్సైడ్. పొడి చేస్తేగానీ పొంగకపోతే అది డోలమైట్ కావచ్చు.

పగుళ్లు పూడ్చిన నీరే మరోచోట వాటిని వెడల్పు చేసింది. 3,229 మీటర్ల పొడవైన బెలూం గుహలు ఈ రాతిలో తొలిచినవే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించాడు. సున్నం నిండిన ఆ గుహల మట్టిలో పాడవకుండా నిలిచిన ఎముకల్లో ఒక ఖడ్గమృగానివీ ఉన్నాయి. శాస్త్రజ్ఞులు దానికి కర్నూలు పేరే పెట్టారు.