మీసాల చేపకు మిసిసిపీలో గాలం

నదిలో గాలం వేసి క్యాట్‌ఫిష్‌ పట్టడం అమెరికాలో పాత వినోదం. నలుగురు స్నేహితులు కలిసి, నది ఆనుపానులు తెలిసిన గైడ్‌ను మాట్లాడుకుని, ఒక పూటో రోజంతానో పడవ మీద గడుపుతారు. టెన్నెసీ రాష్ట్రంలో మిసిసిపీ ఒడ్డునున్న మెంఫిస్‌ ఇందుకు పేరుపడ్డ చోటు. పడవ, గాలపు కర్రలు, ఎర సాధారణంగా గైడే తెస్తాడు. వెళ్లేవాళ్లు ఫిషింగ్‌ లైసెన్సు తీసుకుని, తిండీ నీళ్లూ టోపీ వెంట ఉంచుకుంటే చాలు. ఇలాంటి నదిలో డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకోవాలంటే గైడ్‌కు అమెరికా కోస్ట్‌గార్డ్‌ ఇచ్చే కెప్టెన్‌ లైసెన్సు ఉండాలి. చిన్న పడవలకు ఇచ్చే మామూలు లైసెన్సు మీద ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు.

క్యాట్‌ఫిష్‌ అన్నది ఒక్క చేప పేరు కాదు. వాలుగ, జెల్ల, మార్పు చేపలన్నీ ఆ వర్గానివే. వీటి ఒంటి మీద పొలుసులుండవు, నోటి చుట్టూ మీసాలుంటాయి. తెలుగునాట ఆ పేరు వినగానే గుర్తొచ్చే నిషేధిత ఆఫ్రికా రకానికీ, మిసిసిపీ చేపలకూ జాతి వేరు. మిసిసిపీలో గాలానికి చిక్కేవి ముఖ్యంగా మూడు రకాలు. ఛానెల్‌ క్యాట్‌ఫిష్‌ వీటిలో చిన్నది, దొరికిందల్లా తింటుంది. ఫ్లాట్‌హెడ్‌ది బల్లపరుపు తల, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ. మునిగిన దుంగల చాటున ఉండి, ఎక్కువగా రాత్రిపూట బతికున్న చేపలను వేటాడుతుంది. అన్నిటికన్నా పెద్దది బ్లూ క్యాట్‌ఫిష్‌. నీలిబూడిద రంగు ఒళ్లు, చీలిన తోక దాని గుర్తులు. పెద్ద నదుల నడి ప్రవాహంలో తిరిగే ఈ చేప కోసమే చాలామంది మెంఫిస్‌ వస్తారు.

మిసిసిపీ నీరు చాలాకాలం బురదగా ఉంటుంది. అందులో కంటిచూపు పెద్దగా పనికిరాదు. క్యాట్‌ఫిష్‌కు ఉన్న ఎనిమిది మీసాల మీదే కాదు, ఒళ్లంతా రుచి తెలిసే మొగ్గలుంటాయి. నీటిలో కొట్టుకొచ్చే రుచిని, వాసనను పట్టుకుని అది ఆహారం దాకా ఎదురీదుతుంది. గైడ్‌ నేర్పంతా ఈ గుణం చుట్టూనే తిరుగుతుంది. చేప ఎక్కడుందో కనిపెట్టడం సగం పని. ఎర వాసన ప్రవాహంతో పాటు దాని దగ్గరికి చేరేలా పడవను నిలపడం మిగతా సగం.

ఓడల దారిలో కనీసం తొమ్మిదడుగుల లోతు ఉండేలా అమెరికా సైన్యపు ఇంజనీరింగ్‌ విభాగం ఒడ్డు నుంచి నదిలోకి రాతి గట్లు కట్టింది. గోదావరి ఒడ్డున కనిపించే గ్రోయిన్ల వంటివే ఇవి. గట్టు చివర నీరు వడిగా మలుపు తిరిగి అడుగును కోసేస్తుంది, అక్కడ లోతైన గుంట పడుతుంది. గట్టు వెనక నీరు నెమ్మదించి సుడి తిరుగుతుంది. పెద్ద చేపలు వడిలో అలసిపోకుండా ఆ అంచున నిలిచి, కొట్టుకొచ్చే తిండి కోసం కాచుకుంటాయి. గైడ్‌ సోనార్‌ తెర మీద అడుగు తీరునూ చేపల ఆనవాళ్లనూ చూసి, గుంటకు ఎగువన లంగరు వేస్తాడు. బార్జీలు తిరిగే దారికి అడ్డం రాకుండా చూసుకోవడమూ అతని బాధ్యతే.

ఎరగా తాజా చేప ముక్కలు వాడతారు. స్కిప్‌జాక్‌ హెర్రింగ్‌ అనే నూనె చేప ఇందుకు బాగా నచ్చినది. గోదావరి పులస కూడా హెర్రింగ్‌ల వర్గంలోదే. ముక్కలోని నెత్తురు, నూనె నీటిలో కలిసి దిగువకు సాగుతాయి. నీటి వడికి ఎర కొట్టుకుపోకుండా దారానికి బరువైన సీసపు గుండు కడతారు. కొక్కెం మొన లోపలికి వంపు తిరిగి ఉంటుంది. చేప ఎర అందుకుని పక్కకు తిరిగితే ఆ కొక్కెం గొంతులో దిగకుండా దవడ మూలన పట్టుకుంటుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. కర్ర అదరగానే లాగితే కొక్కెం నోట్లోంచి జారిపోతుంది. కర్ర పూర్తిగా వంగేదాకా ఆగి, అప్పుడు చేతిలోకి తీసుకుని రీల్‌ చుట్టాలి. చాలాసేపు ఏ కదలికా లేకపోతే గైడ్‌ లంగరెత్తి పడవను మరో గుంటకు మారుస్తాడు.

పెద్ద చేప పడినప్పుడు మిగతావాళ్లు తమ దారాలు చుట్టేసి చోటివ్వాలి, లేదంటే అన్నీ చిక్కుపడతాయి. చేప పడవ పక్కకు వచ్చాక గైడ్‌ చేతివలతో పైకి తీస్తాడు. వీపు రెక్కకూ, రెండు పక్క రెక్కలకూ ఉండే ముళ్లు గట్టిగా గుచ్చుకుంటాయి కాబట్టి పట్టుకోవడం అతనికే వదిలేయడం మేలు. ఫొటో తీసుకునేటప్పుడు బరువైన చేపను దవడ పట్టి నిలువునా వేలాడదీయకుండా, పొట్ట కింద చెయ్యి ఆనించి అడ్డంగా పట్టుకోవాలి.

2005లో ఇలినాయ్‌ రాష్ట్రంలోని ఆల్టన్‌ దగ్గర ఇదే నదిలో 124 పౌండ్ల, అంటే దాదాపు 56 కిలోల బ్లూ క్యాట్‌ఫిష్‌ పడింది. అప్పటికి అదే ప్రపంచ రికార్డు. ప్రాణంతో ఉంచి ప్రదర్శనకు తరలిస్తుండగా అది చనిపోయింది. అంత బరువు పెరగడానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది. అందుకే టెన్నెసీలో 34 అంగుళాలు దాటిన క్యాట్‌ఫిష్‌ను రోజుకు ఒక్కటే ఉంచుకోనిస్తారు. చాలామంది గైడ్లు ఆ ఒక్కదాన్నీ నదికే వదిలించి, కూరకు చిన్నవాటిని ఉంచుతారు.

పెద్ద చేపను తిరిగి వదిలే ఈ పద్ధతి అన్ని నదులకూ వర్తించదు. మిసిసిపీ బ్లూ క్యాట్‌ఫిష్‌కు పుట్టిల్లు. వర్జీనియా నదుల్లోకి దాన్ని 1970, 80 దశకాల్లో మనుషులే తెచ్చి వదిలారు. అక్కడినుంచి అది చెసపీక్‌ అఖాతానికి చేరే పెద్ద నదులన్నిటా పాకి, స్థానిక చేపలనూ పీతలనూ తినేస్తోంది. ఆ అఖాతం ఒడ్డునే ఉన్న మేరీలాండ్‌ ప్రభుత్వం ఆ చేపను వీలైనన్ని పట్టి తినమని జనాన్ని ప్రోత్సహిస్తోంది.