వార్తల్లో పదం: సీఎస్‌ఆర్

సీఎస్‌ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. తమ పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలి. చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉంది. శామీర్‌పేట దాటితే తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ, మేడ్చల్ చుట్టూ పరిశ్రమలు: ఇక్కడి సర్కారు బడికి గదులో మరుగుదొడ్లో కావాలంటే అడగడానికి కంపెనీలున్నాయి. ఫ్యాక్టరీ నీడ పడని ఆదిలాబాద్ గూడెంలోని బడి ఎవరినడగాలి?

వచ్చే సాయాన్ని కాదనడమెందుకని అనవచ్చు. కాదనక్కర్లేదు, ఎవరు కట్టినా పిల్లలకు నీడే. కానీ ఆ డబ్బు లాభాన్ని బట్టి వస్తుంది, టీచరు మాత్రం ఏటా కావాలి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది, పక్కన పరిశ్రమ ఉన్నవాళ్లకే కాదు. కాబట్టి బడ్జెట్ కేటాయింపుల్లో కంపెనీల సాయం అందని బళ్లకే ముందు వాటా దక్కాలి.