మెత్తలకు పట్టిన వాసన



ఇంట పసిబిడ్డ జబ్బుపడి తేరుకొన్నదనిన తలిదండ్రులకు కలుగు ఊరట ఇంతింతనరానిది. జ్వరము జారినది, వాంతులు కట్టినవి, బిడ్డ నాలుగు గుక్కల జావ త్రాగి మెల్లగా నవ్వుచున్నది. ఇట్లుండగా పొరుగింటి పిన్నిగారు పలుకరింప వచ్చి, గుమ్మము దాటగనే ముక్కు ఎగబీల్చి, “ఇదేమి వాసనమ్మా?” అని యడుగును. ఇంటివారికి అంతవరకు అది తెలిసియే యుండదు. ఏలయన, ఎడతెగక ఒకే వాసనను పీల్చు ముక్కు కొంతసేపటికి దానిని లెక్కచేయుట మానును. వెదకగా వెదకగా బిడ్డ పండుకొనిన సోఫాలోనో, దివానుమీది పరుపులోనో దాని మూలము దొరకును. పక్కబట్టలను ఉదికినాము, గచ్చును కడిగినాము. సోఫాను మాత్రము తొట్టిలో ముంచలేము గదా! ఆ వాసనను పోగొట్టుట ఎట్లు, పోగొట్టబోయి బిడ్డకు క్రొత్త కీడు తెచ్చిపెట్టకుండుట ఎట్లు అను రెండు సంగతులను గూర్చి నేడు ముచ్చటింతును.

మొదట ఈ వాసన యేమో తెలిసికొందము. ఒక వస్తువు వాసన వేయుచున్నదనిన, దానినుండి కొన్ని అణువులు లేచి మన ముక్కును చేరుచున్నవని యర్థము. అవి లేచుచున్నంతకాలము వానిని పుట్టించు పదార్థము అచ్చట మిగిలియున్నదన్నమాటయే. కావున మూలపదార్థమును తీసివేయుటయే సరియైన చికిత్స. పరిమళము చల్లుటచే రెండు వాసనలు కలిసి మూడవది పుట్టునే గాని, మొదటిది పోదు.

పాలు త్రాగు బిడ్డ వాంతి చేసికొన్నప్పుడు వచ్చు పుల్లని ముక్కవాసనకు ముఖ్యకారణము బ్యుటిరిక్ ఆమ్లము. పాలలోని క్రొవ్వును కడుపులోని జీర్ణరసములు విడగొట్టుటచే ఇది వెలువడును. ముక్కిన వెన్నలో మనము పసిగట్టు వాసనయు దీనిదే. ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రేల్, క్రొవ్వులను గూర్చి 1823లో ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. వెన్నకు లాటిన్ భాషలో గల పేరునుండియే దీనికి పేరు వచ్చినది.

మూత్రము సంగతి వేరు. అప్పుడే పోసిన మూత్రమునకు ఘాటు అంతగా నుండదు. అందలి యూరియాను సూక్ష్మజీవులు యూరియేజు అను ఎంజైముతో విడగొట్టగా అమోనియా పుట్టును. ఈ యూరియేజునే అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ 1926లో స్ఫటికరూపమున వేరుచేసి, ఎంజైము ఒక మాంసకృత్తు అని నిరూపించి, ఆ కృషికై 1946లో నోబెల్ బహుమానములో పాలు పొందెను. సూక్ష్మజీవులకు మనమెంత వ్యవధి ఇచ్చిన, అమోనియా అంత హెచ్చును. కాబట్టి ఆలస్యము పనికిరాదు. వాంతి వాసన ఆమ్లమువలన కలుగునది, మూత్రపు ఘాటు క్షారమువలన కలుగునది అను భేదమును గుర్తుంచుకొనుడు. ముందు ముందు ఇది పనికివచ్చును.

ఇక మెత్తల సంగతి. పూర్వము మన పరుపులలో బూరుగుదూదియో కొబ్బరిపీచో ఉండెడిది. నేటి సోఫాలలో తరచుగా నుండునది స్పాంజి. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులు కనుగొనిన పాలీయురెథేన్ అను పదార్థమునుండి దీనిని చేయుదురు. ఇందలి సన్నని గదులు ఒకదానిలోనికొకటి తెరచుకొనియుండుటచే, పైనబడిన తడి లోనికి దిగిపోవును. పైగుడ్డను మాత్రము తుడిచి ఊరకున్నచో, లోపలి తడి ఆరునప్పుడు మలినమును వెంటబెట్టుకొని మరల పైకి వచ్చును. “నిన్న పోయిన వాసన నేడు మరల వచ్చినదేమి?” యని మనము ఆశ్చర్యపడుటకు ఇదియే కారణము.

ఇప్పుడు చేయవలసిన పని వరుసగా చెప్పెదను. ముందుగా ఇతర పిల్లలను ఆ గదినుండి పంపివేసి, కిటికీలు తెరచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. వాంతులకు కారణమగు నోరోవైరసు వంటివి వాంతిలోని స్వల్పాంశముచేతనే ఇతరులకు సోకును. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణపు పాఠశాలలో వ్యాపించిన వ్యాధికి కారణమైన ఈ వైరసును 1972లో ఆల్బర్ట్ కపీకియన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కనుగొనెను. చేతులకు రాచుకొను మద్యసారపు ద్రవములు దీనిపై బాగుగా పనిచేయవు. కావున పని ముగియగనే సబ్బుతోను, ధారగా పడు నీటితోను చేతులు కడుగుకొనుట తప్పనిసరి.

గట్టిగానున్న మలినమును పాత చెంచాతో అంచులనుండి నడుమకు ఎత్తివేయుడు. పిమ్మట పొడిగుడ్డను మడతలుపెట్టి, అరచేతితో గట్టిగా అదిమి తడిని పీల్పింపుడు. రుద్దరాదు, రుద్దినచో మలినము లోనికి దిగును. గుడ్డకు తడి అంటుట మానువరకు మడత మార్చి మార్చి అదుముడు. సగము పని ఇచ్చటనే ముగియును.

తరువాత చన్నీటిలో ముంచి పిండిన గుడ్డతో అద్దుడు. తొలుత వేడినీరు కూడదు. కోడిగ్రుడ్డులోని తెల్లసొన వేడికి గట్టిపడునట్లు, వాంతిలోని మాంసకృత్తులు వేడికి గట్టిపడి నూలుపోగులను పట్టుకొనును.

అటుపై ఎంజైము కలిసిన సబ్బుపొడి పని. జర్మనీలో ఒట్టో రోమ్ 1913లో ఇట్టి ఎంజైములను బట్టల సబ్బులో కలుపు పద్ధతికి హక్కుపత్రము పొందెను. నేడు బజారులో దొరకు బట్టలసబ్బు పొడులలో పెక్కింట ఇవి గలవు. పొట్లముమీద ఆ మాట వ్రాసియుండును. ఒక లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చిన్నచెంచాడు పొడిని కరగించి, ముందుగా సోఫా వెనుకప్రక్క కనబడనిచోట ఒక చుక్క వేసి, రంగు దిగదని చూచుకొనుడు. పట్టునకు, ఉన్నికి ఇది వాడరాదు. ఆ నూళ్లు కూడ మాంసకృత్తులే యగుటచే చెడును. మలినమెంతలోతు దిగినదో ద్రవమును అంతలోతు దిగునట్లు అద్ది, తడిగుడ్డ కప్పి, అరగంటసేపు విడువుడు. ఎంజైములు పనిచేయుటకు తడియు, వ్యవధియు కావలెను. పిదప మంచినీటి గుడ్డతో రెండు మూడుమారులు అద్ది సబ్బును తీసివేయుడు. సబ్బు మిగిలినచో దుమ్ము పట్టును.

ఇంకను వాసన మిగిలినచో ఆమ్ల క్షార భేదము పనికివచ్చును. వాంతి మచ్చకు వంటసోడా చల్లి, రాత్రియంతయు ఉంచి, మరునాడు బ్రష్షుతోగాని వ్యాక్యూమ్ క్లీనరుతోగాని తీయుడు. సోడా ఆ ఆమ్లముతో కలిసి, గాలిలోనికి లేవని లవణముగా మార్చును. మూత్రపు మచ్చకు వినెగరును సమానముగా నీటితో కలిపి అద్ది, అరగంట తరువాత మంచినీటితో అద్దితీయుడు. అది అమోనియాను అట్లే లవణముగా కట్టివేయును. రెండింటిని ఒకేసారి కలుపువారు కలరు. నురుగు పొంగుటచే ఏదియో గొప్ప పని జరుగుచున్నదని తోచును. నిజమునకు అవి ఒకదాని బలము నొకటి హరించి, నీరును లవణమును మాత్రము మిగుల్చును.

వీనియన్నిటికంటె ముఖ్యమైనది ఆరబెట్టుట. తడిసిన మెత్త ఒకటి రెండు దినములలో ఆరనిచో అందు బూజు పుట్టవచ్చును. ఆ బూజు వాసన మొదటి వాసనకంటె మొండిది. ఉబ్బసపు బిడ్డలకు ఊపిరి సలుపనీయదు. విడివడు మెత్తలను తీసి, గొలుసు తెరచి, ఎండలో నిలువుగా నిలుపుడు. విడివడనివానికి రెండుప్రక్కల పంకాలు పెట్టుడు. వానకాలమున, కోస్తాజిల్లాల తేమగాలిలో, పైకి ఆరినట్లున్నను లోపల తడియుండును. అరచేతిని అదిమిపెట్టి చూచి చల్లగా తగిలినచో, అది ఇంకను ఆరలేదని యెరుగుడు. చివర మిగులు కొలది వాసనకు, వెడల్పైన పళ్లెములో యాక్టివేటెడ్ బొగ్గుంచి మెత్తచెంత పెట్టవచ్చును. బొగ్గు తన రంధ్రములలో ఇతర పదార్థములను పట్టియుంచు గుణమును రష్యాలో లోవిట్స్ 1785లోనే గమనించెను.

ఇక చేయకూడని పనులు మూడు. ఇవి బిడ్డ ప్రాణమునకు సంబంధించినవి గనుక శ్రద్ధగా వినుడు.

ఒకటి: అగరువత్తులతోను సాంబ్రాణితోను గదిని నింపుట. వాసన పోదు సరిగదా, జబ్బుతో నలిగిన బిడ్డ గొంతునకు, ఊపిరితిత్తులకు పొగ ఎక్కును.

రెండు: కలరా ఉండలను మెత్తలక్రింద వేయుట. ఈ తెల్లని ఉండలు పెక్కు నాఫ్తలీనుతో చేసినవి. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి-6-పి-డి అను ఎంజైము లోపముండును. 1956లో ఈ లోపమును గుర్తించిరి. అట్టివారి ఎఱ్ఱ రక్తకణములు నాఫ్తలీను ఆవిరి సోకినను చిట్లవచ్చును. నెలల పసికందులకు మరియు ప్రమాదము. పైగా ప్రాకాడు బిడ్డ దానిని మిఠాయి యనుకొని మ్రింగవచ్చును. బిడ్డ పాలిపోయినను, కన్నులు పచ్చబడినను, మూత్రము నల్లబడినను క్షణము ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇంట ఆ ఉండలున్న సంగతి వైద్యునికి చెప్పవలెను.

మూడు: బ్లీచింగుపొడినిగాని, ఆ జాతి ద్రవమునుగాని మెత్తపై పోయుట. అది మూత్రములోని అమోనియాతో కలిసి క్లోరమైను అను విషవాయువును, పాయిఖానా కడుగు ఆసిడుతోగాని వినెగరుతోగాని కలిసి క్లోరినును వెలువరించును. 1915 ఏప్రిల్ 22న ఈప్రె రణరంగమున సైనికులపై విడిచిన వాయువు ఈ క్లోరినే. బ్లీచింగు ద్రవము గచ్చుకు తగును, మెత్తకు తగదు. గచ్చుకైనను ఒంటరిగానే వాడవలెను.

ఇంత చేసినను వాసన పోనిచో, మలినము స్పాంజి అడుగువరకు దిగియున్నదని గ్రహింపుడు. సోఫాలు కుట్టువానిని పిలిపించి, పైగుడ్డను ఉదికించి, లోపలి స్పాంజిని మాత్రము మార్పించుకొనవచ్చును. సోఫానంతను పారవేయ నక్కరలేదు. అంతయు ఆరిన పిమ్మట ఒకరాత్రి తలుపులు మూసియుంచి, ఉదయమున ఆ పొరుగింటి పిన్నిగారినే పిలిచి అడుగుడు. మన ముక్కుకంటె ఆమె ముక్కు నమ్మదగినది.

తుదకొక మాట. మనము వాసనను గూర్చి విసుగుకొనునప్పుడు బిడ్డ వినుచునే యుండును. “సోఫానంతయు పాడుచేసినావు” అన్న మాట నాలుగేండ్ల పిల్లవాని మనసులో నాటుకొనిన, మరల కడుపులో త్రిప్పినప్పుడు వాడు చెప్పుటకు జంకి, తెరచాటునకు పోయి నిలుచును. అప్పుడు మనము కోల్పోవునది మెత్తకంటె విలువైనది. జబ్బు తొలిగడియలు మనకు తెలియకయే గడచిపోవును. కావున ఈసారి బిడ్డ నలతగానున్నప్పుడు సోఫాపై రబ్బరుగుడ్డ, దానిపై పాత దుప్పటి పరచి, ప్రక్కన ఒక బేసిను పెట్టి, “వచ్చినట్లుంటే చెప్పు నాన్నా, ఫరవాలేదు” అని ముందుగనే చెప్పియుంచుడు. ఆ మాట యిన్న బిడ్డ పిలుచును. మీరు సమయమునకు అందుకొందురు.